మంత్రగత్తెల నవలలు, వాళ్ల కోవెన్‌లు: కొత్తగా చదివేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఇవి అసలు ఏ తరహా నవలలు?

ఇప్పటి కాలంలో, ఇప్పటి ఊళ్లలో జరిగే ఫాంటసీ కథలు. రాజులు, కోటలు, డ్రాగన్లు ఉండవు. కథానాయిక పొద్దున్నే బస్సెక్కి ఉద్యోగానికి వెళ్తుంది, నెల తిరిగేసరికి అద్దె కట్టాలి, ఇంట్లో అమ్మతో మాటపట్టింపులు ఉంటాయి. ఆమె మంత్రగత్తె కూడా. ఆ సంగతి పక్కింటివాళ్లకు తెలియదు. ఆమెలాంటివాళ్లు మరికొందరు కలిసి ఒక కూటమిగా ఉంటారు, దాన్నే కోవెన్ అంటారు. ఈ నవలల్లో గొడవల్లో సగానికి సగం ఆ కూటమి లోపలే పుడతాయి.

ఈమధ్య అమెరికాలో, బ్రిటన్‌లో ఇవి కుప్పలుతెప్పలుగా వస్తున్నాయి కానీ మొదలైంది ఇప్పుడు కాదు. 1926లోనే సిల్వియా టౌన్‌సెండ్ వార్నర్ అనే ఇంగ్లిష్ రచయిత్రి 'లాలీ విల్లోస్' రాసింది. పెళ్లి కాని ఆవిడ, అన్న ఇంట్లో అందరికీ చాకిరీ చేస్తూ ఇరవై ఏళ్లు గడిపి, నలభై ఏడో ఏట ఇల్లు వదిలి ఒక పల్లెకు వెళ్లి మంత్రగత్తె అవుతుంది. నాకు ఒక గది, కొంచెం ఏకాంతం కావాలి అని అడగడానికి ఆ కాలపు ఆడదానికి అంతకన్నా మర్యాదైన దారి దొరకలేదని ఆ నవల చదివితే అర్థమవుతుంది.

కోవెన్‌లో ఎంతమంది ఉంటారు?

పదమూడు మంది అని వాడుక. నవలల్లో మాత్రం ముగ్గురున్నా కోవెనే, వేలమంది ఉన్నా కోవెనే. లెక్క రచయిత ఇష్టం.

ఆ పదమూడు ఎక్కడి నుంచి వచ్చింది?

ఈ ప్రశ్నకు జవాబు తెలిస్తే ఈ నవలలన్నీ వేరేగా కనిపిస్తాయి. అందుకని కాస్త వివరంగా చెప్తాను.

1662లో స్కాట్లాండ్‌లోని ఆల్డెర్న్ అనే ఊళ్లో ఇసొబెల్ గౌడీ అనే ఆవిడను మంత్రగత్తె అని పట్టుకుని విచారించారు. ఆవిడ నాలుగు వాంగ్మూలాలు ఇచ్చింది. ఒక్కో కోవెన్‌లో పదమూడు మంది ఉంటామని అందులో చెప్పింది. ఆ తర్వాత రెండున్నర శతాబ్దాలకు, 1921లో, మార్గరెట్ మర్రే అనే, ఈజిప్టు పురావస్తువుల మీద పనిచేసిన బ్రిటిష్ పరిశోధకురాలు ఇలాంటి వాంగ్మూలాలు పట్టుకుని ఒక పుస్తకం రాసింది. క్రైస్తవానికి ముందున్న పాత మతమొకటి యూరప్‌లో రహస్యంగా బతికిందని, వాళ్లు పదమూడేసి మంది జట్లుగా కలిసేవారని ఆమె వాదన. చరిత్రకారులు తర్వాత ఆ వాదనను కొట్టేశారు. అయితే ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికాలో ఆ అంశం మీద వ్యాసం కూడా ఆమే రాయడంతో అది జనంలో పాతుకుపోయింది.

చివరికి కథల్లోకి వచ్చిన కోవెన్‌కు మూలం విచారణ గదే. పట్టుబడిన మనిషిని యూరప్ అంతటా ఒకటే అడిగేవారు: నీతో ఇంకెవరున్నారు? నిద్ర పోనివ్వకుండా, కొన్నిచోట్ల చిత్రహింస పెట్టి అడిగేవారు. పేర్లు చెప్పేదాకా వదిలేవారు కాదు. అలా బలవంతంగా చెప్పించిన పేర్ల జాబితా నుంచి మంత్రగత్తెల రహస్య సంఘం ఒకటి పుట్టింది. నిజంగా చచ్చిపోయిన ఆడవాళ్లలో చాలామందికి పక్కన నిలబడే మనిషి లేడు. ఇప్పటి రచయిత్రులు చేస్తున్న పని ఏమిటంటే, ఆ ఒంటరి మనిషికి నిజంగానే ఒక తోడును, ఒక కూటమిని ఇవ్వడం. ఈ నవలలంటే నాకు ఇంత ఇష్టం ఉండటానికి కారణం అదే.

సేలం పేరు ప్రతి పుస్తకంలోనూ వస్తుంది. అక్కడ ఏం జరిగింది?

అమెరికాలోని మసాచుసెట్స్‌లో, 1692లో జరిగింది. సేలం విలేజ్‌లో శామ్యూల్ పారిస్ అనే పాస్టర్ ఇంట్లో తొమ్మిదేళ్ల కూతురికి, పదకొండేళ్ల మేనకోడలికి ఏవో మూర్ఛల్లాంటివి వచ్చాయి. ఎవరో చేయించారన్నారు. ముందు ముగ్గురి పేర్లు వచ్చాయి, చూస్తుండగానే నూట యాభైకి పైగా జనం జైళ్ల పాలయ్యారు. 19 మందిని ఉరి తీశారు. వాళ్లలో ఐదుగురు మగవాళ్లు. వీళ్లు కాక, కోర్టులో జవాబివ్వనన్నందుకు గైల్స్ కోరీ అనే ముసలాయన మీద బండరాళ్లు పేర్చి చంపారు. జైల్లో పోయినవాళ్లు వేరే.

చాలామంది సేలంలో తగలబెట్టారనుకుంటారు. అక్కడ ఎవరినీ కాల్చలేదు. ఇంగ్లండ్‌లోనూ, దాని వలసల్లోనూ ఈ నేరానికి శిక్ష ఉరే. స్కాట్లాండ్‌లోనైతే సాధారణంగా గొంతు నులిమి చంపాక శవాన్ని కాల్చేవారు.

సేలంలో ఇంకో సంగతి మనసును పట్టుకుంటుంది. అవును, నేను మంత్రగత్తెనే అని ఒప్పుకున్నవాళ్లను ఉరి తీయలేదు. వాళ్లు ఇంకొందరి పేర్లు చెప్పాలి కాబట్టి బతకనిచ్చారు. నాకేం తెలియదు, దేవుడి మీద ఒట్టు అని నిలబడినవాళ్లే ఉరికంబం ఎక్కారు. సారా గుడ్ అనే బీదరాలి కూతురు డొరొతీకి నాలుగైదేళ్లుంటాయి. ఆ పసిదాన్ని కూడా నెలల తరబడి సంకెళ్లతో జైల్లో ఉంచారు.

1992లో, మూడువందల ఏళ్లయ్యాక, సేలంలో స్మారకం కట్టారు. గోడలోంచి బయటికి పొడుచుకొచ్చిన రాతి అరుగులు 20, ఒక్కో దాని మీద ఒక పేరు, ఎలా చంపారో, ఏ రోజు చంపారో చెక్కారు. లోపలికి అడుగుపెట్టే చోట నేల రాళ్ల మీద, మేం ఏ పాపం ఎరుగమని ఆ మనుషులు కోర్టులో అన్న మాటలున్నాయి. ఆ వాక్యాలు పూర్తిగా ఉండవు, మధ్యలోనే గోడ కిందకు వెళ్లి ఆగిపోతాయి. మిగతా మాట ఎవరూ వినలేదు కదా.

ఇంత జరిగినా ఎలిజబెత్ జాన్సన్ జూనియర్ అనే ఒకావిడ పేరు మీద శిక్ష చట్టప్రకారం అలాగే ఉండిపోయింది. దగ్గర్లోని నార్త్ ఆండోవర్‌లో ఎనిమిదో తరగతి పిల్లలు, వాళ్ల టీచర్ పట్టుబట్టి తిరిగితే 2022లో ఆమెను నిర్దోషిగా ప్రకటించారు. అదే ఏడాది మార్చి 8న స్కాట్లాండ్ ప్రభుత్వాధినేత నికోలా స్టర్జన్ అక్కడి బాధితులకు క్షమాపణ చెప్పింది.

టిట్యుబా అంటే ఎవరు?

పారిస్ ఇంట్లో బానిసగా ఉన్న స్త్రీ. సేలంలో మొదట నిందపడ్డ ముగ్గురిలో ఒకరు, మొదట ఒప్పుకున్నది కూడా ఆమే. అప్పటి కాగితాల్లో ఆమెను ఇండియన్, అంటే అక్కడి ఆదివాసీ స్త్రీ అని రాశారు. తర్వాతి రచనల్లో ఆమె ఎక్కువగా ఆఫ్రికన్ స్త్రీగా మారిపోయింది. ఆమె బతికింది. ఏడాదికి పైగా జైల్లో ఉన్నాక, జైలు ఖర్చు కట్టిన ఎవరికో ఆమెను అప్పగించారు, అక్కడితో ఆమె జాడ ఆగిపోతుంది. కరీబియన్ దీవి గ్వాడలూప్‌కు చెందిన రచయిత్రి మరీస్ కోండే 1986లో ఫ్రెంచిలో ఆమె నోటితోనే కథ చెప్పిస్తూ నవల రాసింది. నల్లజాతి, లాటిన్ అమెరికన్ రచయితలు మంత్రగత్తెల కథలు రాసేటప్పుడు ఆమెను తరచూ తలుచుకుంటారు.

ఈ కథల్లో మంత్రం ఎలా పనిచేస్తుంది?

ఒక్కో నవలలో ఒక్కోలా. కొన్నింటిలో పుట్టుకతో వస్తుంది, తల్లి నుంచి కూతురికి దిగుతుంది. కొన్నింటిలో నేర్చుకోవాలి. మూలికలు, చంద్రుడి కళలు, మూడు తరాలుగా చేత్తో రాసుకుంటూ వచ్చిన పుస్తకం, ఒక నల్ల పిల్లి, ఇవి మామూలే.

నేను చూసేది ఒక్కటే: మంత్రానికి ఖరీదు ఉందా లేదా. చిటికె వేస్తే పనైపోయే నవల యాభై పేజీలకే విసుగొస్తుంది. ఆలిస్ హాఫ్‌మన్ 1995లో రాసిన 'ప్రాక్టికల్ మేజిక్'లో ఒవెన్స్ ఇంటి ముసలి అత్తలు ఇద్దరుంటారు. చీకటి పడ్డాక ఊళ్లో ఆడవాళ్లు వెనక గుమ్మం దగ్గరకొచ్చి ప్రేమ మందు అడుగుతారు. పగలు వీధిలో అదే ఇంటి మనుషులు ఎదురైతే రోడ్డు దాటి అవతలి వైపు నుంచి వెళ్తారు. మేనకోడళ్లిద్దరూ చిన్నపిల్లలుగా మెట్ల మీద దాక్కుని ఇదంతా చూస్తారు. ప్రేమ కోసం మనిషి ఎంతకు దిగజారుతుందో చూసి అక్క జన్మలో ప్రేమించకూడదనుకుంటుంది. ఆ పిల్ల మీద పడ్డ ఆ భయమే అక్కడ మంత్రానికి ఖరీదు.

మంత్రాల కన్నా కోవెన్ గొడవలే ఎక్కువెందుకు?

ఎవరిని చేర్చుకోవాలి, ఎవరిని బయట పెట్టాలి అన్నదే ఈ నవలల ప్రాణం కాబట్టి. ఊరంతా వెలేసిన ఆడవాళ్లు కలిసి ఒక గూడు కట్టుకున్నారు. మరి ఆ గూట్లోకి ఇంకొకరు వస్తే వీళ్లూ ఊరివాళ్లలాగే ప్రవర్తిస్తారా?

ఈ ప్రశ్నను అందరికన్నా గట్టిగా అడిగింది జూనో డాసన్ 2022లో రాసిన 'హర్ మెజెస్టీస్ రాయల్ కోవెన్' అని నా అభిప్రాయం. బ్రిటన్ ప్రభుత్వం కింద రహస్యంగా నడిచే అధికారిక కోవెన్ అది. చిన్నప్పుడు కలిసి ప్రమాణం చేసిన స్నేహితురాళ్లు పెద్దయ్యాక తలోదారి పడతారు. ఒకామె ఆ కోవెన్‌కు అధిపతి అవుతుంది. ఇంకొకామె, నల్లజాతి స్త్రీ, అందులో తనలాంటివాళ్లకు చోటు లేదని బయటికొచ్చి వేరే కోవెన్ పెట్టుకుంటుంది. అప్పుడు థియో అనే ట్రాన్స్ అమ్మాయి వస్తుంది, చాలా బలమైన శక్తితో. ఆ పిల్లను స్త్రీగా ఒప్పుకుని కోవెన్‌లోకి రానివ్వాలా వద్దా అన్న దగ్గర ప్రాణస్నేహితులు శత్రువులవుతారు. చదువుతున్నంతసేపూ టెన్షన్‌గా ఉంటుంది, ఎందుకంటే తప్పు చేస్తున్న మనిషి కూడా తను అందరినీ కాపాడుతున్నాననే నమ్ముతుంది. రచయిత్రి తనే ట్రాన్స్ స్త్రీ. మొదటి పుస్తకంలో ఎక్కువ కథ యార్క్‌షైర్‌లోని హెబ్డెన్ బ్రిడ్జ్ ఊళ్లో నడుస్తుంది. 1612లో పదిమందిని ఉరి తీయించిన పెండిల్ కేసు జరిగిన ప్రాంతం అక్కడికి దగ్గరే.

మొదట ఏ పుస్తకం చదవమంటారు?

మనసు తేలికపడే కథ కావాలంటే సంగు మాండన్న రాసిన 'ది వెరీ సీక్రెట్ సొసైటీ ఆఫ్ ఇర్రెగ్యులర్ విచెస్' (2022). రచయిత్రి మన బెంగళూరులో పెరిగి ఇంగ్లండ్‌లో స్థిరపడింది. కథానాయిక మికా మూన్ కూడా ఇండియాలో పుట్టి, తల్లిదండ్రులు లేకుండా ఇంగ్లండ్‌లో పెరిగిన పిల్ల. ఈ నవలలో నియమం తలకిందులుగా ఉంటుంది. మంత్రగత్తెలు ఒకచోట ఉంటే అందరి శక్తీ పోగై లోకం కంట్లో పడతారు, కాబట్టి ఎవరూ ఎవరితోనూ కలిసి ఉండకూడదు. మూడు నెలలకోసారి కలిసి కాసేపు మాట్లాడుకుని విడిపోవాలి. అలాంటి అమ్మాయికి ముగ్గురు చిన్నపిల్లలకు మంత్రం నేర్పే పని దొరుకుతుంది. ఒంటరిగా ఉంటేనే క్షేమం అని చిన్నప్పటి నుంచి నూరిపోసిన మాటను ఆమె మెల్లమెల్లగా ఎలా వదులుకుంటుందో అదే కథ.

చరిత్ర, పాత గ్రంథాలు, పెద్ద ప్రేమకథ ఇష్టపడేవాళ్లకు డెబొరా హార్క్‌నెస్ 'ఎ డిస్కవరీ ఆఫ్ విచెస్' (2011). ఆమె వృత్తిరీత్యా చరిత్ర ప్రొఫెసర్. నాయిక డయానా బిషప్, సేలంలో అందరికన్నా ముందు ఉరికెక్కిన బ్రిడ్జెట్ బిషప్ వంశంలోది. ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ లైబ్రరీలో పని చేసుకుంటూ ఆష్మోల్ 782 అనే రాతప్రతి తెప్పించుకుంటుంది, దాన్ని ముట్టుకున్నాక కథంతా మొదలవుతుంది. ఆ నంబరు రచయిత్రి కల్పన కాదు. ఆ లైబ్రరీలో ఆష్మోల్ 782 నిజంగానే కనిపించకుండా పోయిన రాతప్రతి.

సిరీస్‌లను ఏ వరుసలో చదవాలి?

వచ్చిన వరుసలోనే. హార్క్‌నెస్ మొదటి మూడూ (2011, 2012, 2014) ఒకే కథ, మధ్యలో దూకితే ఏమీ తెలియదు. ఒవెన్స్ కుటుంబం విషయంలో మాత్రం వాదనలున్నాయి. 'ప్రాక్టికల్ మేజిక్' తర్వాత వచ్చిన 'ది రూల్స్ ఆఫ్ మేజిక్' (2017), 'మేజిక్ లెసన్స్' (2020) రెండూ కథాకాలంలో వెనక్కి వెళ్తాయి, రెండోదైతే పదిహేడో శతాబ్దానికి. 'ది బుక్ ఆఫ్ మేజిక్' (2021) మళ్లీ ఇప్పటికి వచ్చి ముగిస్తుంది. కాలక్రమంలో చదవాలని సరదా పడేవాళ్లుంటారు కానీ, ఆ ముసలి అత్తలు ముందు వింతగా కనిపించి, తర్వాత వాళ్ల యవ్వనం తెలిస్తేనే గుండె బరువెక్కుతుంది.

నాకు దయ్యాలంటే భయం. చదవగలనా?

నిశ్చింతగా. వీటిలో ఎక్కువ భాగం హారర్ కావు. మాండన్న నవల రాత్రి పడుకోబోయే ముందు చదువుకోవచ్చు. డాసన్ నవలల్లో రక్తపాతం, చావులు ఉంటాయి, దానికి సిద్ధపడి తెరవండి.

పిల్లలకు ఇవ్వొచ్చా?

నేను పైన చెప్పినవన్నీ పెద్దల నవలలు. పదిహేనేళ్లు దాటిన పిల్లలకు జొరైడా కోర్డొవా 'లాబిరింత్ లాస్ట్' (2016) బాగుంటుంది. న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో ఉండే, లాటిన్ అమెరికా మూలాలున్న అమ్మాయి తనకొచ్చిన శక్తి వద్దని వదిలించుకోబోతే ఇంట్లోవాళ్లంతా మాయమైపోతారు.

విక్కా అనే మతం ఉందట కదా, నవలల్లో ఉన్నది అదేనా?

కాదు. ఇంగ్లండ్‌లో మంత్రవిద్య చట్టం 1951లో రద్దయింది. ఆ తర్వాత, 1954లో, మలయాలో కస్టమ్స్ ఉద్యోగం చేసి రిటైరైన జెరాల్డ్ గార్డ్‌నర్ ఒక పుస్తకం వేసి, పాత కోవెన్ ఒకటి ఇంకా బతికే ఉందనీ తను అందులో చేరాననీ ప్రకటించాడు. అలా విక్కా బయటికొచ్చింది. ఇప్పుడు దాన్ని నమ్మి, పౌర్ణమికి కలిసి పూజ చేసుకునేవాళ్లు చాలా దేశాల్లో ఉన్నారు. వాళ్లకది మతం. నవలా రచయితలు అందులోంచి మాటలూ పద్ధతులూ తీసుకుంటారు, గాల్లో ఎగరడం మాత్రం తమ సొంతంగా కలుపుకుంటారు. విక్కన్లను నవలలోని పాత్రల్లా చూడటం వాళ్లకు నచ్చదు, అది న్యాయమే.

మన చేతబడి, బాణామతి కథలకూ వీటికీ సంబంధం ఉందా?

కథల్లో పెద్దగా లేదు. మన జానపదాల్లో గొప్ప మంత్రశక్తి ఎక్కువగా మగవాడిదే: బాలనాగమ్మను ఎత్తుకుపోయిన మాయల ఫకీరు, 1951లో వచ్చిన 'పాతాళ భైరవి'లో నేపాళ మాంత్రికుడు. వాళ్లకు మహా అయితే ఒక శిష్యుడుంటాడు. ఆ తర్వాత వారపత్రికల సీరియళ్లలో వచ్చిన క్షుద్రశక్తులు భయపెట్టడానికే వచ్చాయి. మంత్రగత్తె వైపు నుంచి, ఆమె గొంతుతో చెప్పిన కథ మనకు బాగా అరుదు.

బయటి జీవితంలో మాత్రం సంబంధం ఉంది, అది భయంకరమైనది. తెలంగాణ పల్లెల్లో బాణామతి అని, మన్యంలో చిల్లంగి అని పేరు పెట్టి మనుషులను చెట్లకు కట్టి కొట్టారు, పళ్లు పీకారు, చంపేశారు. దేశవ్యాప్తంగా హత్యలకు కారణాలు లెక్కగట్టే జాతీయ నేర గణాంకాల్లో మంత్రవిద్య అనే వరుస ఇప్పటికీ ఒకటుంది. బలయ్యేది ఎక్కువగా వితంతువులు, ముసలివాళ్లు, నా అనేవాళ్లు లేని బీదవాళ్లు, కొన్నిచోట్ల కాస్త పొలం ఉన్న ఒంటరి ఆడవాళ్లు. జార్ఖండ్ 2001లో దీని మీద ప్రత్యేక చట్టం తెచ్చింది. మంత్రగత్తె ముద్ర వేసి హింసిస్తే తప్పించుకుని, తనలాంటివాళ్లకు అండగా నిలిచిన జార్ఖండ్ మహిళ చుట్నీ మహతోకు 2021లో పద్మశ్రీ వచ్చింది. అస్సాంలో ఇదే పోరాటం చేసిన బీరుబాలా రాభాకు కూడా అదే ఏడాది వచ్చింది.

మరి ఇలాంటి నవలలు చదివితే మూఢనమ్మకాలు పెరగవా?

న్యాయమైన అనుమానం. నా మటుకు నేను ఇలా చూస్తాను: ఊళ్లో మనిషిని చంపే నమ్మకం ఏమిటంటే, ఆ ముసలమ్మకు శక్తి ఉంది, అది మనకు చెడు చేస్తుంది అన్నది. ఈ నవలలు మనల్ని ఆ ముసలమ్మ ఇంట్లో కూర్చోబెడతాయి. తలుపు అవతల గుంపు కేకలు వినిపిస్తుంటే లోపల గుండె ఎలా కొట్టుకుంటుందో చూపిస్తాయి. ఆ వైపు ఒకసారి కూర్చున్న మనిషి రాయి తీసుకోవడం కష్టం. మీ ఊళ్లో ఎవరి మీదైనా అలాంటి పుకారు మొదలైందని తెలిస్తే మాత్రం వెంటనే పోలీసులకు చెప్పండి. ఆ పుకారు ముదిరేదాకా ఆగకూడదు.

మగవాళ్లు మంత్రగత్తెలుగా ఉంటారా?

ఉంటారు. చరిత్రలోనూ ఉన్నారు. ఐస్‌లాండ్‌లో ఈ నేరం మీద కాల్చి చంపినవాళ్లలో దాదాపు అందరూ మగవాళ్లే.

తెలుగులో ఇలాంటి నవల రాయాలనుంది. ఎలా మొదలుపెట్టాలి?

దయచేసి సేలం నుంచి మొదలుపెట్టకండి. పొడుగు టోపీ, చీపురుకట్ట, అక్టోబరు చలి ఇవన్నీ అక్కడి మట్టిలో పుట్టినవి, తాడేపల్లిగూడెంలో అతకవు. బాణామతిని కూడా అలంకారంగా వాడకండి. నిజంగా దెబ్బలు తిన్నవాళ్లు పక్క మండలంలోనే ఉంటారు. మీ కథలో ఆ నింద వస్తే దాని వెనక ఉన్న పొలం తగాదా, కులం, ఆ ఇంట్లో వైద్యం అందక పోయిన పసిబిడ్డ కూడా రావాలి.

కోవెన్ కావాలంటే మన మహిళా పొదుపు సంఘాన్ని దగ్గరగా చూడండి. పది పదిహేను మంది, ఒక రిజిస్టరు, నెలనెలా సమావేశం, సంతకాలు, వేలిముద్రలు. ఒకరు వాయిదా ఎగ్గొడితే మిగతా అందరికీ అప్పు పుట్టదు. ఆ ఒక్కామె ఇంటి ముందు మిగతావాళ్లు వెళ్లి కూర్చుంటారు. అదే ఆమెకు ఒంట్లో బాగోకపోతే ఆటో మాట్లాడి ఆస్పత్రికి తీసుకెళ్లేదీ వాళ్లే. అండగా ఉండేదీ ఊపిరాడనివ్వనిదీ ఆ ఒకే సంఘం. వాళ్లు కలిసి జమచేసేది డబ్బు కాక ఇంకేదో అయితే, ఒక నెల ఒకామె తన వంతు ఇవ్వలేనంటే ఏమవుతుందో రాయండి. మొదటి అధ్యాయం అక్కడే దొరుకుతుంది.

నాకు ఇంగ్లిష్ అంతంతమాత్రం. ఈ పుస్తకాలు చదవగలనా?

మాండన్న వాక్యాలు చిన్నవి, సంభాషణలు ఎక్కువ. డిగ్రీ వరకు తెలుగు మీడియంలో చదివినవాళ్లు కూడా రెండు మూడు అధ్యాయాలు ఓపిక పడితే అలవాటైపోతుంది. హాఫ్‌మన్ వచనం కవిత్వంలా ఉంటుంది, అర్థం కాని మాట వదిలేసి ముందుకు వెళ్లినా కథ తప్పిపోదు. హార్క్‌నెస్ పుస్తకం లావు, వైన్ గురించీ రసవాదం గురించీ పేజీలకు పేజీలు ఉంటాయి. దాన్ని రెండోదిగానో మూడోదిగానో పెట్టుకోండి. డాసన్‌ది పూర్తిగా ఇప్పటి బ్రిటిష్ వాడుక భాష, బూతులు కూడా ఉంటాయి, కాబట్టి ఆడియోబుక్ వింటూ పుస్తకం చూసుకుంటే తేలిక.